అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ చదువు, కొలువు

అమెరికాలో డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు డాక్టరు కన్నా ముందు చూసేది మెడికల్ అసిస్టెంట్‌ను. వెయిటింగ్ హాల్లో పేరు పెట్టి పిలవడం, బరువు తూచడం, బీపీ చూడడం, ఏయే మందులు వాడుతున్నారో అడిగి కంప్యూటర్లో ఎక్కించడం, డాక్టరు వచ్చేదాకా గదిలో కూర్చోబెట్టడం వీళ్ల పని. చాలామంది రోగులు వీళ్లను నర్సులనే అనుకుంటారు. నర్సుకు రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. మెడికల్ అసిస్టెంట్‌కు ఎక్కువ రాష్ట్రాల్లో అలాంటిదేమీ ఉండదు. డాక్టరు తన బాధ్యత మీద అప్పగించిన పనులు, ఆయన పర్యవేక్షణలో చేస్తారు. 2023 నాటికి ఆ దేశంలో ఇలాంటి ఉద్యోగాలు ఏడున్నర లక్షలకు పైనే. ఇంటర్ స్థాయి చదువు మీద ఒక ఏడాది శిక్షణతో వైద్యరంగంలోకి అడుగుపెట్టవచ్చు కాబట్టి ఈ కోర్సుకు గిరాకీ ఎక్కువ. ఆ గిరాకీని సొమ్ము చేసుకునే సంస్థలూ తక్కువేం కాదు.

దీన్ని ఫిజీషియన్ అసిస్టెంట్ అనే మరో వృత్తితో కలిపి చూడకూడదు. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదలుపెట్టిన ఆ చదువుకు ఇప్పుడు మాస్టర్స్ డిగ్రీ కావాలి. వాళ్లు రోగిని పరీక్షించి, జబ్బు నిర్ధారించి, మందులు రాస్తారు. మెడికల్ అసిస్టెంట్ ఈ మూడింటిలో ఒక్కటీ చేయరాదు.

పని తీరు

క్లినిక్‌లో పనిని ఫ్రంట్ ఆఫీసు, బ్యాక్ ఆఫీసు అని రెండుగా చెప్పుకుంటారు. ఫ్రంట్ ఆఫీసు అంటే అపాయింట్‌మెంట్లు, ఫోన్లు, బీమా ఉందో లేదో సరిచూడడం, చేసిన వైద్యానికి తగిన కోడ్లు వేసి బీమా కంపెనీకి బిల్లు పంపడం. ఖరీదైన మందుకో, స్కానింగ్‌కో బీమా కంపెనీ దగ్గర ముందస్తు అనుమతి తీసుకోవడం కూడా ఇందులోనిదే. బయటివాళ్లకు కనిపించదు గానీ ఈ ఒక్క పనే రోజులో గంటల తరబడి సమయం మింగేస్తుంది. ఫ్యాక్సులు పంపాలి, ఫోన్లో వేచి ఉండాలి, నిరాకరిస్తే మళ్లీ అర్జీ పెట్టాలి.

బ్యాక్ ఆఫీసులో ఉండేది చేతిపని. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, బీపీ చూడడం, ఈసీజీ తీయడం, రక్తం తీయడం, డాక్టరు చెప్పిన టీకాలు, సూదిమందులు వేయడం, చిన్న శస్త్రచికిత్సలప్పుడు పక్కన నిలబడి పరికరాలు అందించడం, వాడిన పరికరాలను ఆటోక్లేవ్‌లో శుద్ధి చేయడం. షుగరు పరీక్ష, మూత్రంలో స్ట్రిప్ ముంచి చూసే పరీక్ష, గొంతు ఇన్‌ఫెక్షన్‌కు చేసే స్ట్రెప్ పరీక్ష వంటి సులువైనవి క్లినిక్‌లోనే చేయవచ్చు. 1988 నాటి ప్రయోగశాలల చట్టం ఈ రకం పరీక్షలకు కఠిన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. చిన్న క్లినిక్‌లో ఒకే మనిషి రెండు వైపులా చేస్తారు. పెద్ద ఆసుపత్రుల గొలుసుల్లో ఎవరి పని వారిదే. కొత్తగా చేరేవాళ్లకు చిన్న క్లినిక్కే ఎక్కువ నేర్పుతుంది, ఎక్కువ అలుపూ ఇస్తుంది.

సొంత వైద్య నిర్ణయం తీసుకోకూడదన్నది ఈ వృత్తికి గీసిన గట్టి గీత. ఫోన్ చేసిన రోగికి ఛాతీలో నొప్పిగా ఉంటే, దాని తీవ్రతను అంచనా వేసే పని నర్సుది, డాక్టరుది. రాసిపెట్టిన ప్రశ్నలు అడిగి జవాబులు చేరవేయడం వరకే మెడికల్ అసిస్టెంట్ చేయగలరు. పరీక్ష ఫలితం వచ్చినప్పుడు డాక్టరు చెప్పమన్న మాట చెప్పవచ్చు. దాని అర్థాన్ని తాముగా వివరించకూడదు. శిక్షణలో ఈ గీతను ఎంత గట్టిగా నేర్పారన్నది మంచి కోర్సుకు ఒక గుర్తు.

వృత్తి ఎలా రూపుదిద్దుకుంది

తొలి మెడికల్ అసిస్టెంట్ పాఠశాల 1934లో న్యూయార్క్‌లో మాండ్ల్ పేరుతో మొదలైందని చెబుతారు. అంతవరకూ డాక్టర్లు తమ దగ్గర చేరినవారికి తామే పని నేర్పుకునేవారు. గుమాస్తా పనికి ఒకరు, లోపలి పనికి ఒక నర్సు అంటే ఖర్చు రెండింతలు. రెండూ తెలిసిన ఒక మనిషి దొరికితే మేలనే లెక్క నుంచే ఈ వృత్తి పుట్టింది. 1950ల నడుమ అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్ ఏర్పడింది. ఆ సంఘం 1963లో తొలి సర్టిఫికేషన్ పరీక్ష పెట్టింది. తర్వాత అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌తో కలిసి కోర్సులకు గుర్తింపు ఇచ్చే పద్ధతి తెచ్చారు.

ఇటీవలి కాలంలో ఈ వృత్తి విలువ పెంచింది కంప్యూటరే. డాక్టరు ఆదేశాలను ఎలక్ట్రానిక్ రికార్డులో ఎక్కించే పనిని, లైసెన్సు ఉన్నవారితో పాటు సర్టిఫికేషన్ ఉన్న మెడికల్ అసిస్టెంట్లు కూడా చేయవచ్చని ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ ప్రోత్సాహకాల నిబంధనల్లో 2012లో రాశారు. ప్రోత్సాహక సొమ్ము కావాలనుకున్న క్లినిక్‌లు సర్టిఫికేషన్ ఉన్నవాళ్లను వెతుక్కోవడం అప్పటినుంచి ఊపందుకుంది. చట్టం అడగకపోయినా యజమాని అడిగే పరిస్థితి అలా వచ్చింది.

రాష్ట్రానికో చట్టం

కోర్సు ఎంచుకునే ముందు ఏ రాష్ట్రంలో పనిచేయబోతున్నారో తేల్చుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో 2013 నుంచి మెడికల్ అసిస్టెంట్లకు రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే అర్హతపత్రం తప్పనిసరి. అందులోనూ తొలుత సర్టిఫైడ్, రిజిస్టర్డ్, రక్తం తీసేవారు, డయాలసిస్ సాంకేతికులు అని నాలుగు తరగతులు పెట్టారు. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు గానీ ఏం నేర్చుకుంటే ఏం చేయవచ్చో అంకెలతో సహా రాసిపెట్టారు. సూదిమందులు వేయడానికి 10 గంటల శిక్షణ, సిర నుంచి రక్తం తీయడానికి మరో 10 గంటలు, ఆపైన ఒక్కో రకం సూదిమందు కనీసం 10 సార్లు సరిగా వేసి చూపించాలి. సెలైన్ కోసం సిరలో సూది పెట్టడం అక్కడ నిషిద్ధం. న్యూజెర్సీలో సూదిమందులు వేయాలంటే గుర్తింపు ఉన్న శిక్షణ, సర్టిఫికేషన్ రెండూ కావాలి. న్యూయార్క్ దశాబ్దాల పాటు మెడికల్ అసిస్టెంట్లను సూదిమందు జోలికే రానివ్వలేదు. టెక్సాస్‌లో అప్పగించే డాక్టరుదే బాధ్యత, ఆయన విచక్షణే కొలత.

న్యూజెర్సీ, న్యూయార్క్‌ల మధ్య పారే హడ్సన్ నదికి అవతల చేసే పని ఇవతల చేయకూడదంటే వింతగానే ఉంటుంది. న్యూజెర్సీలో ఇల్లు, న్యూయార్క్‌లో ఉద్యోగం ఉన్న కుటుంబాలకు మాత్రం ఇది నిత్యం ఎదురయ్యే సంగతి. చదివిన రాష్ట్రం, పనిచేసే రాష్ట్రం వేరయ్యే అవకాశం ఉన్నవాళ్లు రెండుచోట్లా చెల్లే కోర్సునే చూసుకోవాలి.

కోర్సుల రకాలు

తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా సాగే సర్టిఫికెట్ లేదా డిప్లొమా ఎక్కువమంది ఎంచుకునేది. కమ్యూనిటీ కాలేజీలు, ఒకేషనల్ స్కూళ్లు, లాభాపేక్షతో నడిచే కెరీర్ కాలేజీలు వీటిని నడుపుతాయి. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలో అవే వృత్తి పాఠాలకు ఇంగ్లిష్ రచన, గణితం, మనస్తత్వశాస్త్రం వంటి సాధారణ విషయాలు కలుస్తాయి. ఉద్యోగంలో చేరే రోజున ఈ రెండింటికీ జీతంలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ఆ సాధారణ విషయాల క్రెడిట్లు తర్వాత మరో డిగ్రీకి బదిలీ అవుతాయి, అసోసియేట్ డిగ్రీ లాభం అక్కడ తెలుస్తుంది. కొన్ని వారాల్లో ముగించే ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి. పాఠం ఆన్‌లైన్‌లో వినవచ్చు గాని సిర దొరకబుచ్చుకోవడం తెర మీద రాదు. అందుకే పేరున్న ఆన్‌లైన్ కోర్సులు కూడా నైపుణ్యాల భాగాన్ని ప్రత్యక్షంగానే పెడతాయి.

ఇంకో దారి అప్రెంటిస్‌షిప్. పెద్ద వైద్య సంస్థలు మనుషుల కొరత తట్టుకోలేక తామే జీతమిచ్చి నేర్పుకుంటున్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. దొరికితే మాత్రం అప్పు లేకుండానే చదువవుతుంది.

గుర్తింపు అనే మాట వెనక

కరపత్రంలో పెద్దక్షరాలతో కనిపించేది గుర్తింపు పొందిన సంస్థ అనే మాట. ఎవరి గుర్తింపు, దేనికి గుర్తింపు అని అడగాలి. కాలేజీ మొత్తానికి ఇచ్చే సంస్థాగత గుర్తింపు ఒకటి. దాని వల్ల విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వ సాయం, రుణాలు అందుతాయి. మెడికల్ అసిస్టింగ్ కోర్సుకే ప్రత్యేకంగా ఇచ్చే గుర్తింపు మరొకటి. కాహెప్ అని పిలిచే అలైడ్ హెల్త్ కోర్సుల గుర్తింపు కమిషన్, ఏబీహెచ్ఈఎస్ అనే ఆరోగ్య విద్యా పాఠశాలల బ్యూరో, ఈ రెండూ దీన్ని ఇస్తాయి. మొదటి రకం ఉండి రెండోది లేని కాలేజీలు బోలెడు. తలుపు దగ్గర కూర్చున్న అడ్మిషన్ల ప్రతినిధి ఆ తేడా తనంతట తాను చెప్పడు. ఈ రెండు సంస్థల వెబ్‌సైట్లలో కోర్సు పేరుతో వెతికితే నిమిషంలో తేలిపోతుంది.

సంస్థాగత గుర్తింపును మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో కొరింథియన్ కాలేజెస్ కథ చెబుతుంది. 1995లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ కంపెనీ ఎవరెస్ట్, హీల్డ్, వైయోటెక్ పేర్లతో అమెరికా, కెనడాల్లో వందకు పైగా క్యాంపసులు నడిపింది. మెడికల్ అసిస్టింగ్ దాని ముఖ్యమైన సరుకుల్లో ఒకటి. పగటిపూట టీవీ ప్రకటనలు, విడవకుండా ఫోన్లు, ఉద్యోగం ఖాయమన్న భరోసా దాని వ్యాపార పద్ధతి. ఉద్యోగాల శాతాలను తప్పుగా చూపిందని 2013లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా ఉన్న కమలా హారిస్ దావా వేశారు. మరుసటి ఏడాది ఫెడరల్ వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థా కోర్టుకెక్కింది. సగానికి పైగా క్యాంపసులను అమ్ముకున్నాక, 2015 ఏప్రిల్‌లో మిగిలిన 28 క్యాంపసులను కంపెనీ ఒక్కసారిగా మూసేసింది. సుమారు 16,000 మంది విద్యార్థులు చదువు మధ్యలో రోడ్డున పడ్డారు. 2022 జూన్‌లో అమెరికా విద్యాశాఖ, ఆ కాలేజీల్లో చదివిన 5.6 లక్షల మంది తాలూకు 580 కోట్ల డాలర్ల రుణాన్ని రద్దు చేసింది. మూతపడిన నాటికీ రుణం రద్దయిన నాటికీ మధ్య ఏడేళ్లు.

ఆ క్యాంపసుల్లో చాలావాటికి సంస్థాగత గుర్తింపు ఇచ్చిన ఏసీఐసీఎస్ అనే మండలి కథ కూడా తెలుసుకోదగ్గదే. 2016లో విద్యాశాఖ ఆ మండలికే గుర్తింపు తీసేసింది. ప్రభుత్వం మారాక 2018లో తిరిగి ఇచ్చింది, 2022లో మళ్లీ తీసేసింది. గుర్తింపు ఇచ్చేవాళ్లకే గుర్తింపు ఊగిసలాడిన ఆ కాలంలో చేరినవాళ్లకు ఎవరు జవాబుదారీ? లాభాపేక్ష ఉన్న కాలేజీలన్నీ ఇలాంటివే అనడం సరికాదు. వాటిలో కాహెప్, ఏబీహెచ్ఈఎస్ గుర్తింపుతో మంచి కోర్సులు నడిపేవీ ఉన్నాయి. కానీ పక్క ఊళ్లో కమ్యూనిటీ కాలేజీ అదే కోర్సు నడుపుతున్నప్పుడు, మూడింతల ఫీజు ఎందుకు కట్టాలో చెప్పాల్సిన బాధ్యత ఫీజు అడిగేవాళ్లదే.

క్లినిక్‌లో గడిపే గంటలు

కోర్సు చివర ప్రాక్టికమ్ ఉంటుంది. దీన్నే కొన్నిచోట్ల ఎక్స్‌టర్న్‌షిప్ అంటారు. కాహెప్ ప్రమాణాల ప్రకారం విద్యార్థి అసలైన క్లినిక్‌లో కనీసం 160 గంటలు పనిచేయాలి, సాధారణంగా జీతం లేకుండానే. అంటే పూర్తి పనివేళల లెక్కన నాలుగు వారాలు. తరగతిలో బొమ్మ చేతికి పెట్టిన సూదికీ, కంగారుపడుతున్న ఎనభై ఏళ్ల మనిషి సన్నటి సిరకు పెట్టే సూదికీ ఉన్న దూరం ఈ 160 గంటల్లోనే తెలుస్తుంది. తొలి ఉద్యోగం చాలామందికి ప్రాక్టికమ్ చేసిన చోటే దొరుకుతుంది, ఎందుకంటే యజమానికి అది నాలుగు వారాల ఇంటర్వ్యూ లాంటిది.

కాబట్టి అడ్మిషన్ల గదిలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, ప్రాక్టికమ్ చోటు ఎవరు చూస్తారన్నది. ఒప్పందం ఉన్న క్లినిక్‌ల పేర్లు చెప్పగలిగిన కాలేజీకి ఆ ఊరి డాక్టర్లలో పరపతి ఉన్నట్టు. క్లినిక్ మీరే వెతుక్కోండి అన్న కోర్సు, తన బరువును విద్యార్థి నెత్తిన పెడుతున్నట్టే. చోటు దొరక్క పాఠాలన్నీ పూర్తిచేసి నెలల తరబడి ఖాళీగా కూర్చునేవాళ్లు ఇలాంటి కోర్సుల్లోనే కనిపిస్తారు.

రెండో ప్రశ్న ఉత్తీర్ణత, ఉద్యోగాల శాతాల గురించి. కాహెప్ గుర్తింపు ఉన్న కోర్సులు ఏటా ఈ లెక్కలు సమర్పించాలి. చెప్పే శాతం ఎంతమందిలోనో, ఎలాంటి ఉద్యోగాన్ని లెక్కేశారో అడగాలి. మధ్యలో మానేసినవాళ్లను కలపకపోయినా, పరీక్ష రాయనివాళ్లను వదిలేసినా ఏ కాలేజీ శాతమైనా అందంగానే కనిపిస్తుంది. మందుల షాపు కౌంటరులో చేరినవాళ్లను వైద్యరంగ ఉద్యోగుల కింద చూపడం కూడా జరిగే పనే. విద్యాశాఖ నడిపే కాలేజ్ స్కోర్‌కార్డ్ వెబ్‌సైట్లో ఫెడరల్ సాయం తీసుకునే కాలేజీల్లో చదివినవాళ్ల అప్పు, తర్వాతి సంపాదన చాలా కోర్సులకు విడివిడిగా కనిపిస్తాయి. కాలేజీ మాటను ఆ అంకెల పక్కన పెట్టి చూడాలి.

ఫీజు సంగతి. స్థానికులకు కమ్యూనిటీ కాలేజీలో కొన్ని వేల డాలర్లతో అయ్యే సర్టిఫికెట్‌కు ప్రైవేటు కాలేజీలు పదిహేను, ఇరవై వేల డాలర్లు తీసుకోవడం అరుదేమీ కాదు. పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆదాయాన్నిబట్టి పెల్ గ్రాంటు అనే ఫెడరల్ సాయం వస్తుంది. 2024-25లో దాని గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఆ సర్టిఫికెట్ ఫీజులో పెద్ద భాగానికి అది సరిపోతుంది. ఫీజుకు తోడు యూనిఫాం స్క్రబ్స్, పుస్తకాలు, టీకాలు, నేరచరిత్ర తనిఖీ, సీపీఆర్ కార్డు, పరీక్ష ఫీజు విడిగా ఉంటాయి. ఇవన్నీ కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాసివ్వమనడంలో మొహమాటం అక్కర్లేదు.

సర్టిఫికేషన్ పరీక్షలు

కోర్సు పూర్తిచేస్తే కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్ ఒకటి, బయటి సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికేషన్ మరొకటి. యజమానులు అడిగేది రెండోది. వాటిలో పాతది, పరపతి ఎక్కువ ఉన్నది అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ మెడికల్ అసిస్టెంట్స్ ఇచ్చే సీఎంఏ. కాహెప్ లేదా ఏబీహెచ్ఈఎస్ గుర్తింపు ఉన్న కోర్సులో చదివినవారికే ఈ పరీక్ష ప్రధానంగా అందుబాటులో ఉంటుంది. ప్రశ్నలు 200, అందులో లెక్కలోకి వచ్చేవి 180, సమయం 160 నిమిషాలు. ప్రతి 60 నెలలకు పునరుద్ధరించుకోవాలి. అమెరికన్ మెడికల్ టెక్నాలజిస్ట్స్ సంస్థ ఇచ్చే ఆర్ఎంఏ, నేషనల్ హెల్త్‌కెరీర్ అసోసియేషన్ ఇచ్చే సీసీఎంఏ కూడా విస్తారంగా చెల్లుతాయి. సీసీఎంఏకు అర్హత దారులు కాస్త విశాలం. శిక్షణ లేకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్లు, ఆ అనుభవాన్ని చూపి ఈ పరీక్ష రాయవచ్చు. గుర్తింపు లేని కోర్సు చదివినవారికి తర్వాత మిగిలే తలుపు చాలాసార్లు ఇదే. అందుకే, ఈ కోర్సు చదివితే ఏ పరీక్షకు అర్హత వస్తుందో చేరకముందే తేల్చుకోవాలి. ఏదో ఒక పరీక్ష రాయవచ్చులే అన్న జవాబు చాలదు.

జీతం, ఎదుగుదల

ఉద్యోగం దొరుకుతుందా అన్న ప్రశ్నకు జవాబు సులువు, దొరుకుతుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 నుంచి 2033 మధ్య ఈ ఉద్యోగాలు 15 శాతం పెరుగుతాయని అంచనా వేసింది. అన్ని ఉద్యోగాలూ కలిపి చూస్తే పెరుగుదల 4 శాతమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి ఇరవై ఏళ్లలో పుట్టిన పెద్ద తరం ముసలిదవుతోంది. బీపీ, షుగరు, కీళ్ల జబ్బులతో క్లినిక్‌లకు వచ్చేవాళ్లు పెరుగుతున్నారు. సగానికి పైగా మెడికల్ అసిస్టెంట్లు పనిచేసేది డాక్టర్ల క్లినిక్‌లలోనే. మిగతావాళ్లు ఆసుపత్రుల్లో, ఔట్‌పేషెంట్ కేంద్రాల్లో ఉంటారు.

ఏటా లక్షకు పైగా ఖాళీలు అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చదవాలి. వాటిలో చాలా భాగం కొత్త కొలువులు కావు, పాతవాళ్లు వదిలేసి వెళ్లినవి. ఎందుకు వదిలేస్తారో జీతం చెబుతుంది. 2023లో మధ్యస్థ జీతం ఏడాదికి 42,000 డాలర్లు, గంటకు 20.19. అదే ఏడాది లైసెన్సుడ్ ప్రాక్టికల్ నర్సుకు 59,730, రిజిస్టర్డ్ నర్సుకు 86,070, ఫిజీషియన్ అసిస్టెంట్‌కు 1,30,020. శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిల్ వంటి చోట్ల జీతం ఎక్కువే గానీ అక్కడి ఇంటద్దె ఆ ఎక్కువను మింగేస్తుంది. ఒక్కరి జీతం మీద కుటుంబం నడపాలంటే కష్టం. ఇంట్లో రెండో సంపాదనగానో, చదువు కొనసాగిస్తూ చేసే కొలువుగానో అయితే నిలదొక్కుకోవచ్చు.

సంఘటిత శక్తి ఉన్నచోట పరిస్థితి కొంత మారుతోంది. 2023 అక్టోబరులో కైజర్ పర్మనెంటే అనే పెద్ద వైద్య సంస్థలో 75,000 మందికి పైగా సిబ్బంది మూడు రోజులు సమ్మె చేశారు. మెడికల్ అసిస్టెంట్లూ అందులో ఉన్నారు. ఆ నెలలోనే కాలిఫోర్నియాలో వైద్యరంగ సిబ్బందికి కనీస వేతన చట్టం వచ్చింది. 10,000 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థల్లో 2024 అక్టోబరు నుంచి గంటకు 23 డాలర్లు, 2026 జులై నాటికి 25 చేయాలని దాని నియమం. ఇద్దరు డాక్టర్ల చిన్న క్లినిక్‌లో పనిచేసేవారికి ఇలాంటి బలం ఉండదు. రాత్రి షిఫ్టులు లేకపోవడం, వారాంతాలు చాలావరకు ఖాళీగా ఉండడం అక్కడి సుఖం. చిన్నపిల్లల తల్లులు ఈ వృత్తిలోకి ఎక్కువగా రావడానికి అదొక కారణం.

ఎదుగుదల దారులు రెండు తీర్లు. ఉన్నచోటే లీడ్ అసిస్టెంట్, ఆఫీసు మేనేజరు, బీమా కోడింగ్, క్లినికల్ ట్రయల్స్ సమన్వయం వైపు వెళ్లడం ఒకటి. కంటి వైద్యం, చర్మవైద్యం, గుండె వైద్యం వంటి విభాగాల్లో నైపుణ్యం పెంచుకుంటే జీతమూ కొంత పెరుగుతుంది. నర్సింగ్‌కు మారడం రెండోది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మెడికల్ అసిస్టింగ్ సర్టిఫికెట్ చదివితే సగం నర్సింగ్ అయిపోయినట్టని కొందరు అడ్మిషన్ల ప్రతినిధులు నమ్మబలుకుతారు. వృత్తి పాఠాల క్రెడిట్లు నర్సింగ్ కోర్సుకు సాధారణంగా చెల్లవు. అనాటమీ, ఫిజియాలజీ కూడా నర్సింగ్ స్థాయిలో మళ్లీ చదవాల్సి రావచ్చు. చివరికి నర్సు కావాలని మొదటే తెలిసినవాళ్లు నేరుగా కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్‌కు వెళ్లడమే మేలు. అక్కడ సీటు కోసం ఏడాది, రెండేళ్లు ఎదురుచూడాల్సి వస్తే ఆ కాలంలో ఈ పని చేసుకోవచ్చు. ఫిజీషియన్ అసిస్టెంట్ సీటు కోరే డిగ్రీ విద్యార్థులకు మాత్రం ఇది నిజంగా మెట్టే. ఆ కాలేజీలు అడిగే రోగి సేవా అనుభవపు గంటల్లో ఈ పనిని లెక్కలోకి తీసుకుంటాయి.

తెలుగువాళ్లకు సంబంధించి

డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా, అట్లాంటాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఈ కోర్సు గురించి అడిగేవాళ్లు ముఖ్యంగా ఇద్దరు. భర్త ఉద్యోగం వల్ల హెచ్-4 వీసా మీద వెళ్లిన గృహిణులు ఒకరు. వాళ్లలో బీఫార్మసీ, బీడీఎస్, నర్సింగ్ చదివినవాళ్లూ ఉంటారు. అమెరికాలో రెసిడెన్సీ అనే వైద్య శిక్షణలో సీటు కోసం పరీక్షలు రాస్తూ, ఈలోగా క్లినిక్ అనుభవం కావాలనుకునే ఎంబీబీఎస్ పట్టభద్రులు రెండోవారు.

హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డంకి లేదు. పనిచేయడానికి మాత్రం అనుమతిపత్రం కావాలి. గ్రీన్‌కార్డు ప్రక్రియలో నిర్ణీత దశ దాటిన హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఆ పత్రం 2015 మే నుంచి ఇస్తున్నారు. అది లేకుండా కోర్సు ముగిస్తే చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది గానీ ఉద్యోగం ఉండదు. సర్టిఫికేషన్ గడువు మాత్రం తన లెక్కన తాను తరిగిపోతుంది. జీతం లేని ప్రాక్టికమ్‌కూ వీసా నిబంధనలు ఏమంటాయో కాలేజీని, వలస న్యాయవాదిని ముందే అడిగి ఉంచుకోవడం క్షేమం. స్థానిక నివాసిగా ఫీజు తగ్గింపు ఇవ్వడంలో కూడా రాష్ట్రానికో పద్ధతి.

కాగితాల విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు టీబీ పరీక్ష. ప్రాక్టికమ్‌కు ముందు ప్రతి విద్యార్థికీ ఈ పరీక్ష చేస్తారు. చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నవారికి చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఆపైన ఎక్స్‌రేలు, వాయిదాలు. బీసీజీ వేయించుకున్నవారికి రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష మేలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే చెబుతుంది కాబట్టి మొదటే అదే చేయించమని అడగవచ్చు. హెపటైటిస్-బి, తట్టు, ఆటలమ్మ టీకాల పాత చీటీలు ఇండియాలో దొరక్కపోతే రక్తంలో రోగనిరోధకతను చూసే పరీక్షలతో సరిపెట్టుకోవచ్చు. ఇంటర్మీడియట్ మార్కుల జాబితాను అమెరికా హైస్కూలుతో సమానమని తేల్చే మూల్యాంకన పత్రం కూడా ముందే తెప్పించుకోవాలి.

ఎంబీబీఎస్ చదివినవాళ్లకు ఈ కొలువు ఒక ఇరకాటం. జబ్బు ఏమిటో కళ్లముందు కనిపిస్తున్నా నోరు విప్పకూడదు. రెసిడెన్సీ దరఖాస్తులో దీన్ని స్థానిక వైద్య వ్యవస్థతో పరిచయంగా చూపవచ్చు గాని, డాక్టరుగా రోగిని చూసిన అనుభవంగా ఎవరూ లెక్కించరు. సిఫార్సు లేఖ ఇచ్చే డాక్టరు దగ్గర దీర్ఘకాలం పనిచేసే అవకాశమే వాళ్లకు ఇందులో అసలు లాభం.

తెలుగు రావడం క్లినిక్‌కు ఆస్తే. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లిన అమ్మానాన్నలు, అత్తమామలు తెలుగు మాట వినగానే తేలికపడతారు. అయితే ఫెడరల్ సాయం పొందే వైద్య సంస్థల్లో రోగికి వైద్య విషయాలు అనువదించేది అర్హత ఉన్న దుబాసీ కావాలని ఒబామా కాలపు ఆరోగ్య చట్టం కింద నిబంధన ఉంది. భాష వచ్చినంత మాత్రాన శస్త్రచికిత్స అంగీకారపత్రం చదివి వినిపించే బాధ్యతను నెత్తిన వేసుకోకూడదు. ఆ అర్హత విడిగా సంపాదిస్తే అదనపు జీతం అడగడానికి అదొక ఆధారం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి వృత్తి విడిగా లేదు. పాతకాలపు కాంపౌండరు చేసిన పనిని ఇప్పుడు నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, రిసెప్షన్ సిబ్బంది పంచుకున్నారు. రెండు రాష్ట్రాల పారామెడికల్ బోర్డులు నడిపే రెండేళ్ల డిప్లొమాల్లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రక్తపరీక్షల వైపు గట్టిగా నేర్పుతుంది. బీమా కోడ్లు, రోగి రికార్డుల భాగం అందులో ఉండదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ రంగంలోని చదువులకు దేశమంతటా ఒకే ప్రమాణం తేవడానికి ఉద్దేశించింది. అందులోని జాబితాలో ఫిజీషియన్ అసోసియేట్లకు చోటిచ్చారు. ఇక్కడ డిప్లొమా చదివి అమెరికా వెళ్లేవాళ్లకు, అక్కడి మెడికల్ అసిస్టెంట్ పరీక్షల అర్హత దానంతట అదే రాదు. సిలబస్, హాజరైన గంటలు, ప్రాక్టికల్స్ వివరాలున్న పత్రాలు కాలేజీ ముద్రతో ఇక్కడున్నప్పుడే తీసుకుని వెళ్లినవాళ్లకు అక్కడ కొన్ని సబ్జెక్టుల్లో మినహాయింపు అడగడానికి వీలుంటుంది.